సత్తెమ్మక్క ముట్టని పుస్తెలు

అవుసుల సత్తెమ్మ ఇక లేరన్న దుర్వార్త నిన్న ఉదయం ఫాక్‌లాండ్ రోడ్డులో చాయ్ తాగుతుండగా చెవిన పడింది. మొన్నటిదాకా మా చాళ్ళలో అద్దె గదులన్నిటికీ మెట్లెక్కి దిగిన మనిషి హఠాత్తుగా పరమపదించారంటే మనసు అంగీకరించలేదు. సాయంత్రానికి ఆ దుఃఖాన్ని మించి సిగ్గు నన్ను కమ్మేసింది.

నేను నగలకు బీమా చేయించే ఏజెంటును. కామాటిపురా మేస్త్రీల ఇళ్ళలో ఆడవాళ్ళు పరాయి మగవాడి ముందు నగల డబ్బీ తెరవరు. అందుకని, కంసాలి దుకాణం నడిపే తమ్ముడి తరఫున సత్తెమ్మక్క నాతో వచ్చి, గీటురాయి మీద గీసి, తూచి, విలువ కట్టేవారు. ఆ సాధ్వి సత్యనిష్ఠ లోకవిదితం. ఒక మేస్త్రీ భార్య తన కాసులపేరుకు విలువ కాస్త పెంచి రాయమని బతిమాలితే, "బిడ్డా, నగను దొంగ ఎత్కపోవచ్చు గని, అబద్ధం ఇంట్లనే ఉంటది" అన్నారు. ఆ ఇల్లాలు నవ్వేసి చాయ్ పెట్టింది.

కాని అక్క వితంతువు. పుస్తెలతాడు దాకా వచ్చేసరికి ప్రతి ఇల్లాలూ చేత్తో మెడ కప్పుకునేది. "సరే తియ్, చూడలేదని రాస్త" అని అక్క గీటురాయి సర్దుకునేవారు. పరీక్షించని వస్తువుకు బీమా ఉండదు. అన్నిటికంటే విలువైనదాన్నే మావాళ్ళు అట్లా గాలికి వదిలారు. నా భార్య యాదమ్మ కూడా "గది నువ్వు ముట్టొద్దక్కా" అన్నది. ఏజెంటునై ఉండీ నేను నోరు మెదపలేదు.

గ్రాంట్ రోడ్ స్టేషన్ రద్దీలో ఎవడో ఆ తాడే తెంచుకుపోయాడు. కంపెనీ ఇవ్వనన్నది, తప్పు దానిది కాదు. యాదమ్మ మెడలో పసుపు కొమ్ము కట్టుకుని తిరిగింది. మళ్ళీ చేయించే తాహతు మాకు లేదు. అప్పుడు అక్క నన్ను పిలిపించారు.

"నా తాన ఇంత పాత బంగారమున్నది తమ్మీ. మా తమ్ముడు చేసి, వాడే తెచ్చిస్తడు. నాదని యాదమ్మకు చెప్పకు."

తీసుకున్నాను. అది ఏ బంగారమని అడగనైనా లేదు.

నిన్న సాయంత్రం శ్మశానంలో ఆమె తమ్ముడు నా పక్కన కూలబడి ఏడ్చాడు. "గవి మా బావ కట్టిన పుస్తెలే అన్నా. కరగబెడుతుంటె నాకు చేతులాడలే. 'పెట్టెల ఉండి ఏం జేస్తయిరా, ఆ పిల్ల మెడలుంటె దినాం మొక్కుతది' అన్నది మా అక్క."

నిజమే. యాదమ్మ రోజూ స్నానం చేయగానే ఆ పుస్తెలను కళ్ళకద్దుకుంటుంది. అదే యాదమ్మ నిన్న, "శుక్రవారం పూట ఎట్ల వస్త, ముత్తయిదువను" అని అక్క కడచూపుకైనా రాలేదు.

అంతటి ఉదారచరిత మా వాడకు మరి దొరకదు. ఆ పుణ్యమూర్తి పాదాలకు మొక్కే అర్హత కూడా నాకున్నదనుకోను. రేపు మా సంఘంలో సంతాప సభ. ఈ వ్యాసం నేనే చదవాలి. యాదమ్మ ఆడవాళ్ళ వరుసలో కూర్చుంటుంది. విన్నాక పుస్తెలను కళ్ళకద్దుకుంటుందో, విప్పి నా చేతిలో పెడుతుందో తెలియదు. ఏమైనా సరే, చదువుతాను.