పెళ్లికొడుకు చూపిన తోక

మా తాత ఇంద్రమాన్ తులాచన్ చిన్న విమానం నడిపేవాడు. మానేసి చాలాకాలమైంది గాని, నడక ఇంకా విమానంలాగే ఉంటుంది. బజారు సందులో ఎప్పుడూ ఒక గోడను రాసుకుంటూ పోతాడు. లోయ మధ్యగా ఎగిరితే తిరగడానికి ఏ పక్కా చోటు చాలదట. ఒక కొండను ఆనుకుని పోతే అవతలి వెడల్పంతా మనదేనట. సందులో ఎదురొచ్చే కంచరగాడిదలకు ఈ సంగతి తెలియదు, పాపం.

ఆయన గొప్పంతా వెనక్కి తిరగడంలోనే ఉంది. మబ్బు పడితే తిరిగేవాడు, గాలి లేస్తే తిరిగేవాడు. బడి నుంచి నేనూ సగంలోనే తిరిగొచ్చాను గాని, దాన్ని మాత్రం జాగ్రత్త కింద జమకట్టడు.

అన్నిటిలోకీ పేరుపడ్డ తిరుగుడు ఆయన పెళ్లినాటిది. నాయనమ్మ ధనకుమారిది ఈ ఊరే. ఊరి కింద ఏటవాలు రన్‌వే, దాని పై కొసన కొండ. విమానం కిందివైపు నుంచి వచ్చి ఎగువకే దిగాలి. చివరి మలుపు దాటితే ఇక తిరగడానికి చోటుండదు. పొద్దెక్కితే కాళీగండకి నది లోయలో గాలి లేస్తుంది కనుక ముహూర్తం పొద్దున్నే పెట్టారు.

తాత పెళ్లి తలపాగా మీదే హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పెళ్లివారిని ఎక్కించుకుని, పోఖరాలో తనే విమానం లేపాడు. తన మేనత్త నగల పెట్టె మరిచిపోవడంతో అప్పటికే ఆలస్యమైంది. ఇక్కడ పెళ్లికొడుకు వస్తుంటే ధూపీ చెట్టు ఆకుతో సాంబ్రాణిలా పొగ వేస్తారు. ఎంత పొగైతే అంత శుభమని నాయనమ్మ రన్‌వే పక్కన గంపలకొద్దీ పచ్చి ఆకు వేయించింది. విమానం మలుపు దగ్గర కనిపించింది. డోళ్లు మోగాయి. విమానం గుండ్రంగా తిరిగి, తోక చూపించి, వచ్చిన దారినే పోయింది.

ఊరంతా పెళ్లికూతురి వంక చూసింది. మాలో పిల్ల మీద మేనమామ కొడుక్కే ముందు హక్కు. మేనమామకు అది వెంటనే గుర్తొచ్చింది.

"నిన్ను చూసి పారిపోయాడే పిల్లా. మా భీమమాన్ ఇక్కడే ఉన్నాడు, స్నానం కూడా చేశాడు."

"ఉండనీ మామా. ఎందుకు పోయాడో ఆయన నోటనే వింటాను. నచ్చకపోతే మీవాడి స్నానం వృథా పోదులే."

తర్వాతి ముహూర్తం దాకా గడువిచ్చాడు మామ. మర్నాటి నుంచి మబ్బు పట్టింది. తాత మబ్బులో ఎగరడు కదా, కంచరగాడిదల వెంట నడిచొచ్చాడు. వచ్చేసరికి తలపాగా నుంచి కూడా పేడ వాసన వస్తోందట. భీమమాన్ మళ్లీ స్నానం చేసి పక్కనే నిలబడ్డాడు.

"ఎందుకు తిరిగిపోయారు?" అని అడిగింది నాయనమ్మ.

"మీ పొగ కొండవైపు పడుకుని ఉంది. అంటే నాకు వెనకనుంచి గాలి. దిగితే విమానం ఆగదు. పెళ్లి భోజనం, దినం భోజనం ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లు."

నాయనమ్మ మేనమామ వైపు తిరిగింది. "విన్నావా మామా? ఆయన చూసింది నన్ను కాదు, నా పొగని."

పెళ్లయింది. పెళ్లివారందరి ప్రాణాలూ తన పొగే కాపాడిందని నాయనమ్మ ఇప్పటికీ అంటుంది. తాత కాదనడు. కాదంటే ఢిండో సంకటి చల్లారాక పెడుతుంది.

రోజూ పొద్దున ఆమె మిద్దె మీద ధూపీ వేస్తుంది. పొగ నిటారుగా లేస్తేనే తాత బజారుకు బయల్దేరతాడు. ఆయన ఇంట్లో ఉంటే బాగుండుననిపించిన రోజున నేను చాటుగా చేటతో పొగను పక్కకు విసురుతాను. ఆయన పొగ వంక చూసి, చేట వంక చూసి, గుమ్మం దగ్గరే వెనక్కి తిరుగుతాడు.