తొడిమలు తీసిన చేయి

తెల్లవారగానే దేవకుమారి రోట్లో కారం దంచే చప్పుడుకు ఆ వీధి లేచేది. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు. వేడన్నంలో ఆ కారం లేనిదే ఆమె భర్త జక్రయ్యకు ముద్ద దిగేది కాదు. ఈ మార్చిలో రోకలి మూలన చేరింది. ఆ వేళకు ఆమె రాగిజావ కాచి, చల్లార్చి, పల్చటి గుడ్డలో వడగడుతోంది.

ముప్ఫై ఏళ్ళు చుట్ట కాల్చిన జక్రయ్య నాలుక పక్కన పుండు లేచింది. గుంటూరు ఆసుపత్రిలో అది క్యాన్సరని తేల్చి, ముప్ఫై సార్లు రేడియేషన్ కరెంటు పెట్టాలన్నారు. మెడ మీద ఊదారంగు గీతలు గీసి, కడగొద్దన్నారు. శని, ఆదివారాలు తప్ప రోజూ బస్సెక్కి పోవాలి.

మొదటి రోజే డాక్టరు శివపార్వతి గారు అతని పళ్ళు, చిగుళ్ళు చూసి, తూకం రాసుకుని, దేవకుమారిని పక్కకు పిలిచింది.

“రెండో వారం రుచి పోతుందమ్మా. ఉమ్మి ఎండిపోతుంది. మూడో వారం నోరు పూస్తుంది. ఎంతన్నది ఇప్పుడే చెప్పలేను గానీ, ఈ పళ్ళూ ఈ చుట్టా చూస్తే గట్టిగానే వచ్చేట్టుంది. అంతకన్నా ముందే వస్తే కరెంటు ఆపాల్సి రావచ్చు. ఆపితే లోపలిది మళ్ళీ పెరుగుతుంది.”

దేవకుమారి చర్చి క్యాలెండరులో ఆ మూడో వారపు సోమవారం చుట్టూ బొగ్గుతో గీత గీసింది. ఆ గీత వైపు చూడకుండా పొయ్యి దగ్గరకు పోలేకపోయేది.

ఎనిమిదో కరెంటు అయిన బుధవారం మధ్యాహ్నమంతా కల్లంలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసింది. సాయంత్రం సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. దూది గీరుకుంటుంది, వేలితోనే రాయమని డాక్టరు ఇచ్చిన గ్లిజరిన్ అతని నాలుకకూ బుగ్గల లోపలా రాసింది.

జక్రయ్య మంచం మీద ఎగిరిపడ్డాడు. “మంటే! నోరంతా మంట!”

దేవకుమారి క్యాలెండరులో గీత వైపు చూసింది. వచ్చేసింది. అయిదు రోజుల ముందే. ఇక ఆపేస్తారు.

మర్నాడు బస్సులో పైట కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. డాక్టరు టార్చి వేసి చూసింది.

“పుండ్లేం లేవే! ఏం తినిపించావు?”

“జావేనమ్మా, ఒట్టు. ఇదిగో, ఈ వేలితో మందు రాశానంతే.”

ఆ చేయి అటు చాచగానే పక్కనున్న నర్సు తుమ్మింది. డాక్టరు ఆ వేలు వాసన చూసింది.

“తొడిమలు తీశావా?”

“రెండుసార్లు కడిగానమ్మా...”

“కడిగితే పోయే ఘాటా అది? మూడు రోజులుంటుంది. మాదీ ఈ వైపేగా, నాకు తెలీదా?”

“కరెంటు కంటే నీ చెయ్యే బాగా పనిచేసిందే!” అన్నాడు జక్రయ్య తడారిన గొంతుతో. నర్సు నవ్వింది. దేవకుమారి నవ్వలేదు.

“సోమవారం నుంచి మాత్రం జాగ్రత్తమ్మా,” అంది డాక్టరు. “పూసిన నోట్లో ఇదే చెయ్యి పెడితే తట్టుకోలేడు. మింగడం మానేస్తాడు.”

ఆదివారం ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి మబ్బు కమ్మింది. ఇంటి ముందు కల్లంలో కాయలన్నీ పరిచే ఉన్నాయి.

“వదినా! చినుకులు పడతన్నాయి! నువ్వు కాయలు కుప్పెయ్యి, నేను పట్టా కప్పుతా!” పక్కింటి రహిమున్నీసా అరిచింది. “తడిస్తే రంగు పోయి అన్నీ తాలుకాయలే! చెవుడా ఏంది నీకు?”

“నువ్వు నీయి చూసుకో, రహిమున్నీసా.”

“పిచ్చి పట్టిందా? ఏడాది కష్టం!”

దేవకుమారి గడప మీద నుంచి లేవలేదు. రేపే సోమవారం. బుధవారం తర్వాత ఒక్క కాయ ముట్టలేదు. వేళ్ళు ఒక్కొక్కటే తన నాలుకకు ఆనించి చూసుకుంది. ఏ వేలూ మండలేదు.

ఎర్రటి కాయల మీద వాన టపటపా మొదలైంది. ఆమె లోపలికెళ్ళి గ్లిజరిన్ సీసా మూత తీసింది.

“నోరు తెరువు, మావా.”