జానెడు ముఖం

మా బావ పుస్తకాలకు పేజీలు కూర్చే పని చేస్తాడు. కంప్యూటర్ తెర మీద స్టీలు స్కేలు పెట్టి కొలిచే మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే అనుకుంటాను. అచ్చులో ఎంత ఉంటుందో తెర మీదా అంతే కనపడాలి, లేకపోతే ఆయనకు అన్నం సహించదు. బావమరిదిని కాబట్టి వెక్కిరించే హక్కు నాకుంది, దాన్ని ఏ రోజూ వృథా పోనివ్వను.

అక్కకు ఏడాది పాటు వేరే ఊరి ఆసుపత్రిలో పని పడింది. అప్పటినుంచి సాయంత్రాలు వీళ్లిద్దరూ వీడియో కాల్ కలుపుకుని కూర్చుంటారు. మాటలు తక్కువ. బావ పేజీలు కూర్చుకుంటాడు, అక్క తన బట్టలు మడతపెట్టుకుంటుంది. ఇంట్లో ఉన్నప్పుడూ ఇంతే, ఒకే గదిలో ఎవరి పని వాళ్లది.

ఆ మధ్య ఆఫీసువాళ్లు ఆయనకు రెండో తెర ఒకటి ఇచ్చారు. పెద్దది, నిగనిగలాడేది. అక్కను అందులో చూసుకుందామని బావ విండోను అటు లాగాడు. అంచు దాటిందో లేదో అది ఉబ్బిపోయి, అక్క కళ్లూ ముక్కూ తప్ప ఏమీ మిగల్లేదు. మళ్లీ ఇటు లాగితే అగ్గిపెట్టెంత అయింది. నన్ను పిలిచాడు. కొత్త తెర అన్నింటినీ ఒకటిన్నర రెట్లు చేసి చూపిస్తోందని, పాతది ఉన్నదున్నట్టు చూపిస్తోందని, రెంటికీ పొత్తు కుదరడం లేదని చెప్పాను. పాత తెర మీదే ఉంచుకుంటే పీడా పోతుందన్నాను. వింటేగా!

ఆయన బాధల్లా ఒకటే, అక్క అసలు సైజులో కనపడాలి. గడ్డం నుంచి పాపిట మొదలుదాకా సరిగ్గా ఆయన జానెడట. ఈ కొలత ఎప్పుడు తీశావని నేను అడగలేదు. ఎంతైనా మొగుడాయె.

ఈ తంటాల మధ్యలోనే అక్కను ఇంకో ఏడాది ఉండమని ఆసుపత్రివాళ్లు అడిగారు. ఉండాలో రావాలో చెప్పమని అక్క ఆయన్నే అడిగింది. బావ విండో మూల పట్టుకుని లాగుతూనే "నీ ఇష్టం" అన్నాడు. అక్క కాసేపు ఆయన్నే చూసి, సరేలే అంది. రమ్మనాలని ఆయనకు ఎంతుందో నాకు తెలుసు. రమ్మంటే ఆమె ఉద్యోగానికి అడ్డుపడినట్టవుతుందని భయం. ఆ భయంతోనే ఒక్క రాత్రికి మనిషి సగమయ్యాడు.

మర్నాడు సాయంత్రం మొండికేసి రెండు తెరలకూ ఒకే కొలత పెట్టాడు. కొత్త తెర మీద పేజీల్లోని అక్షరాలు చీమలంత అయిపోయాయి. కళ్లు చికిలించుకునైనా పనిచేస్తానన్నాడు. అక్క కాల్ కలిపాక విండోను లాగితే ఈసారి అది ఉబ్బలేదు, కుంచించుకుపోలేదు. మూల పట్టుకుని మెల్లగా సాగదీసి, జాన పెట్టి చూసి, ఇంకాస్త సాగదీశాడు. సరిపోయింది. చెయ్యి మాత్రం తెర మీదనుంచి తీయలేదు. ఏదో వేళాకోళం చేయబోయి నేను ఆగిపోయాను. ఆయన కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఉండొద్దు, వచ్చెయ్. నువ్వు లేకపోతే నాకేం బాలేదు" అన్నాడు.

 ఉంటానని అక్క పొద్దున్నే ఆసుపత్రివాళ్లకు చెప్పేసిందట.

"ఈ ముక్క నిన్న అంటే నీదేం పోయేది?" అంది.