రాబియా సందూకు నాటి కొలువు

యాకుత్‌పురా స్టేషన్ దాటి సందులోకి మళ్లగానే టకటకమని రేకు మీద సుత్తి దెబ్బలు వినబడితే అది అబ్దుల్ వాహెద్ కార్ఖానా అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఆడపిల్ల పెళ్లంటే వాహెద్ తండ్రి చేసిన రేకు సందూకు ఆ ఇంటికి రావలసిందే. పూలూ నెమళ్లూ వేసిన ఆ పెట్టెలు ఇప్పుడెవరిక్కావాలి? వాహెద్ ఫ్యాక్టరీలకు పనిముట్ల పెట్టెలు చేసి బతుకుతున్నాడు. అయినా నీలం రంగు డబ్బా మూత తీసినప్పుడల్లా ఆ వాసనకు తండ్రి గుర్తొచ్చి చేతిలో పని ఆగిపోతుంది.

తండ్రి పెట్టిన ఆచారం ఒకటి మాత్రం మిగిలింది. కొత్తగా చేరినవాడు మొదటి రోజు యజమానితో కలిసి తబఖులో, అంటే పెద్ద పళ్లెంలో, అన్నం తినాలి. కాగితం గీగితం జాన్తా నై. ఖట్టీ దాల్ కలిపిన ముద్ద నోట్లో పడిందా, కొలువు ఖాయం! మర్నాటి నుంచి ఎవరి డబ్బా వాళ్లు విప్పుకునేవారు. కైలాసం ఒక్కడే ఆ పళ్లెం వదల్లేదు. నూనూగు మీసాలప్పుడు మొదలై, మీసాలు నెరిసినా వాహెద్‌తో ఒకే పళ్లెం.

ఆ ప్రేమే కొంప ముంచింది. పనివాళ్లకు ప్రమాద బీమా చేయించినప్పుడు వాహెద్ అందరి పేర్లూ చెప్పి కైలాసం పేరు వదిలేశాడు. మరిచిపోయి కాదు, మహానుభావుడు! "గాయన నౌకర్ గాదు, నా భాయ్" అన్నాడు ఏజెంటుతో ఛాతీ విరిచి. నెల తిరక్కుండానే రేకు కత్తిరించే మిషన్‌లో కైలాసం వేళ్లు నలిగాయి. ఈయన మీ దగ్గర పనిచేస్తున్నట్టు రుజువేదని బీమావాళ్లు అడిగితే చూపించడానికి వాహెద్ దగ్గర కాగితం ముక్క లేదు. ఆస్పత్రి ఖర్చంతా తనే పెట్టుకున్నాడు, వేళ్లూ దక్కాయి. కాని రేపు తను లేకపోతే కైలాసానికి దిక్కెవరన్న దిగులు పట్టుకుంది.

సంతోష్‌నగర్‌లో ఉండే వకీలు సుచరిత దగ్గరికి పరుగెత్తాడు.

"ప్రేమ మీ ఇంట్లో పెట్టుకోండి భాయ్‌సాబ్, కార్ఖానా చిన్నదైనా ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వండి" అందావిడ. "ఏం పని, ఎంత జీతం, ఎన్ని గంటలు, వారంలో సెలవెప్పుడు, అన్నీ రాయాలి. దెబ్బ తగిలినా, పని మానేసినా, రేపు మీ పిల్లలు నడిపినా ఆయన చేతిలో ఉండేది అదేనండీ."

పత్రంలో చేరిన తేదీ దగ్గర ఖాళీ వదిలి, సర్వీసు లెక్క అక్కణ్నుంచే మొదలవుతుంది, కనుక్కుని రాయమంది. వాహెద్ కనుక్కున్నాడా? అబ్బే! కట్టు విప్పించుకుని కైలాసం పనికి వచ్చిన పొద్దున, ఆ సంతోషంలో అదే రోజు తేదీ పడేసి కాగితం చేతిలో పెట్టాడు.

కైలాసం ప్రతి అక్షరం కింద వేలు పెట్టుకుంటూ చదివాడు. మొహం మాడిపోయింది. "మంచిగుంది సేటూ" అని కాగితం సుత్తి కింద పెట్టి వెళ్లిపోయాడు.

సేటు! ఇన్నేళ్లలో భాయ్ తప్ప మరో పిలుపు ఎరగని నోరు. మర్నాడూ కైలాసం రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. మధ్యాహ్నం వాహెద్ పళ్లెం ముందు కూర్చుని, తినకుండానే లేచాడు. చివరికి కంచన్‌బాగ్ దగ్గర కైలాసం ఇంటికి వెళ్లాడు.

"రా భాయ్, మూతి ముడుచుకొని కూసున్నడు, నువ్వే అడుగు" అంది కైలాసం భార్య బుచ్చమ్మ.

"నిన్ను నౌకర్ అని రాసిన్నని గుస్సానా? ఇగో, చింపేస్త" అన్నాడు వాహెద్, వెంట తెచ్చిన కాగితం తీసి.

"నౌకరీకే వస్తి, దానికి నాకేం షరం?" అన్నాడు కైలాసం. "కాగితం మంచిదే. కానీ మొన్నటి సంది చేరిన అని రాస్తివి. గట్లయితే మన రాబియా సందూకు మీద నెమలిని ఎవలేసిండ్రు? దయ్యమా?"

వాహెద్ నాలుక కరుచుకున్నాడు. చెల్లెలి పెళ్లి సందూకే కైలాసం ముట్టుకున్న మొదటి పని. వాడు వేసిన నెమలికి మెడ వంకర పోతే రాబియా పడీ పడీ నవ్వింది. చెరిపేయబోతే తండ్రి, ఇద్దరికీ అబ్బాజాన్, చెయ్యి పట్టుకుని ఆపి, ఆ పూట వాణ్ని తన పళ్లెం దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఎంత బంగారంలాంటి రోజు! దాన్ని ఒక్క కలంపోటుతో కొట్టేశాడు తను.

అటునుంచి అటే రాబియా ఇంటికి వెళ్లాడు. ఆ సందూకులో ఆమె ఇప్పటికీ రజాయిలు పెట్టుకుంటుంది. మూత ఎత్తితే లోపల, ఆనాటి పద్ధతి ప్రకారం, బొమ్మ వేసిన తేదీ తెల్లరంగుతో రాసి ఉంది. కైలాసం చేతిరాతే. వాహెద్ ఆ అంకెలను వేలితో తడిమి, చీటీ మీద ఎక్కించుకున్నాడు.

సుచరిత ఆ తేదీ వేసి పత్రం మళ్లీ రాసిచ్చింది. కబురందుకుని కార్ఖానాకు వచ్చిన కైలాసం ఈసారి జీతం చూడలేదు, గంటలు చూడలేదు. వేలు తిన్నగా తేదీ మీదకు పోయి అక్కడే ఆగింది. మడిచి జేబులో పెట్టుకుని పనిలోకి దిగాడు.

మధ్యాహ్నం వాహెద్ పళ్లెం ముందు ఒక్కడే కూర్చున్నాడు. కైలాసం చేతులు కడుక్కుని వచ్చి, ఎప్పటిలాగే ఎదురుగా చతికిలబడ్డాడు.

"తిండికి అర్ధగంట అని రాసినవ్. అబ్బాజాన్ ఉన్నప్పుడు గంట ఉండె" అన్నాడు.

వాహెద్ నవ్వబోయి ఏడ్చేశాడు.

"తిను భాయ్, దాల్ సల్లగైతుంది" అన్నాడు కైలాసం.