'రైట్ రైట్' అంటే కుడివైపు కాదు

2024 వేసవి. తిరుపతి నుంచి రేణిగుంటకు పోయే రోడ్డులో, టైర్ల షాపు పైన మా ఆఫీసు. నేను గేమ్ టెస్టర్‌ని. ఆటలు తయారుచేసే కంపెనీలు వాటిని జనంలోకి వదిలే ముందు మాలాంటి వాళ్లకు పంపుతాయి. మేం ఆడి, తప్పులు వెతికి, రాసి పంపాలి. ఆ తప్పును బగ్ అంటారు. రోజంతా ఆటలాడుకుని జీతం తీసుకుంటుందని మా బంధువుల్లో వెక్కిరించినవాళ్లున్నారు. ఎవరు ఏ పెళ్లిలో అన్నారో నాకు గుర్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే మలుపులో ఒకే బస్సును తిప్పుతూ కూర్చుంటే అది ఆట అవునో కాదో వాళ్లకు తెలిసేది.

ఆ వేసవిలో మా చేతికి వచ్చింది ఒక బస్సు డ్రైవింగ్ ఆట ఆరో భాగం. ఏళ్ల తరబడి వస్తున్న సిరీస్. ఇంటర్ చదివేటప్పటి నుంచి నేను ఫోనులో ఆడుతున్నాను. దాంతో నాకు పాత గొడవ కూడా ఉంది. మొదటి భాగంలో బస్సు తలుపు కుడివైపు ఉండేది. జనం నడిరోడ్డులో నిలబడి బస్సెక్కేవారు. మన దేశంలో ఇలా ఉండదండీ అని కంపెనీకి మెయిల్ రాశాను. మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు అని జవాబొచ్చింది. రెండో భాగంలోనూ తలుపు కుడివైపే. మూడో భాగంలో ఎడమవైపుకు మార్చి, అదేదో తమకే తట్టినట్టు గొప్పగా ప్రకటించుకున్నారు. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. మరిచిపోనూ లేదు.

అయినా న్యాయంగా చెప్పాలంటే ఆరో భాగం బాగుంది. వెనకటి భాగాల్లో బస్సు సబ్బుబిళ్లలా జారేది. టాప్ గేరులో కొండెక్కేది. ఇందులో గేరు దించకపోతే ఇంజను మూలిగి ఆగిపోతుంది. దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే చక్రాల దగ్గర పొగ వస్తుంది, ఇంకా తొక్కితే బ్రేకు పట్టడం మానేస్తుంది. నిలబడ్డ ప్రయాణికుల బరువు మలుపుల్లో ఒక పక్కకు ఒరుగుతుంది. చెయ్యెత్తినవాళ్ల కోసం ఆపకుండా పోతే వాళ్లు తిట్టే తిట్లు కూడా వినిపిస్తాయి. ఇన్నాళ్లకు బస్సు బస్సులా నడిచింది.

అన్నిటికంటే పెద్ద మార్పు కండక్టర్. అంతకుముందు గంట మోగేది, అంతే. ఈసారి తెలుగు గొంతుతో కండక్టర్ వచ్చాడు. దాని పక్కనే కొత్త ఆటగాళ్లకు సాయంగా ఇంకో సదుపాయం పెట్టారు: దారి చెప్పే గొంతు లెఫ్ట్ అంటే స్టీరింగ్ కాస్త ఎడమకు, రైట్ అంటే కాస్త కుడికి దానంతటదే లాగుతుంది. దీన్ని అసిస్ట్ అంటారు. ఆలోచన మంచిదే. కానీ మాటల్ని ఆటలోకి ఎక్కించినవాళ్లు కండక్టర్ 'రైట్ రైట్'ను కూడా తీసుకెళ్లి ఆ లెఫ్ట్, రైట్ గుంపులోనే కలిపేశారు. జనం ఎక్కుతారు, కండక్టర్ 'రైట్ రైట్' అంటాడు, బస్సు కుడికి లాగుతుంది. కొండదారిలో కుడిపక్క లోయ.

నేను బగ్ రాశాను. మన దగ్గర కండక్టర్ రైట్ అంటే అందరూ ఎక్కేశారు, ఇక పో అని అర్థం, దిక్కుతో సంబంధం లేదు అని విడమరిచి రాశాను. మర్నాడే తిరిగొచ్చింది. కబురు చెప్పింది మా టీమ్ లీడ్ మహేశ్ అన్న. ఆయనది చిత్తూరు. రోజూ అక్కడి నుంచి బస్సులోనే వచ్చిపోతాడు.

"మునీ, నీ బగ్ తిరిగొచ్చిందమ్మే. నాట్ ఎ బగ్ అని మూసేసినారు."

నా పేరు మునిలక్ష్మి. ఆఫీసులో అందరికీ మునినే.

"ఎందుకంటన్నా?"

"రైట్ అంటే రైటుకే గదా పోయింది, తప్పేముండాది అంటా ఉండారు."

"నువ్వేం చెప్పినావు?"

"నేనేం చెప్పేది? స్పెక్‌లో అట్లనే ఉండాది."

స్పెక్ అంటే ఆట ఎలా నడవాలో తయారుచేసేవాళ్లు ముందుగా రాసి పెట్టుకున్న కాగితం. అందులో తప్పు రాసి ఉంటే, ఆ తప్పు తప్పు కాదు. మా వృత్తిలో నాకు ఒళ్లు మండే విషయాల్లో ఇదొకటి.

"అన్నా, నువ్వు దినామూ బస్సులోనే గదా వచ్చేది. కండక్టరు రైట్ అంటే మీ డ్రైవరు కుడిపక్కకు కొట్టుకోని పోతాడా?"

"అట్ల పోతే నేను ఈడికి యాడ వస్తాను?" అని నవ్వాడు.

"ఆ మాటే వాళ్లకు చెప్పరాదా?"

"చెప్తే క్లయింటుకు మండుతాది. ఊరికే ఉండమ్మే. నీకు ప్రొబేషన్ అయిపోవచ్చింది. ఈ టైంలో నాట్ ఎ బగ్‌లు పెరిగితే నీకే నష్టం."

ఆ మాట నిజమే. మాకు అలా మూసేసిన ప్రతి బగ్గూ టెస్టర్ ఖాతాలో తప్పు కిందే లెక్క. ప్రొబేషన్ చివర్లో ఆ లెక్క చూసే ఉద్యోగం పక్కా చేస్తారు, లేదా పంపించేస్తారు. అంతకుముందు నేను చెన్నైలో ఒక కాల్ సెంటర్‌లో, రెండు భాషల్లో తిట్లు తింటూ పనిచేశాను. ఏర్పేడు నుంచి పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇంటికొచ్చే ఈ పని పోతే మళ్లీ అక్కడికే. అదంతా ఆలోచించాను. ఆలోచించి బగ్‌ను రీఓపెన్ చేశాను. అంటే, మీరు మూసింది తప్పు అని మళ్లీ తెరవడం.

ఈసారి వీడియో కాల్ పెట్టారు. అవతల ఆ భాగం రాసిన డెవలపర్ అనికేత్. పుణేలో ఉంటాడు, తెలుగు రాదు. మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులో. అతను మర్యాదగానే అడిగాడు.

"మహేశ్, మీరు అక్కడివారే కదా. మీరేమంటారు?"

నేను మహేశ్ అన్న ముఖం చూశాను. ఆయన నా ముఖం చూడలేదు.

"రెండు రకాల వాడుకా ఉండొచ్చు సార్. మా టీమ్‌లోని ఈ అమ్మాయి ఆటకు పాత అభిమాని. కొంచెం ఎమోషనల్."

ఎమోషనల్! నేను అర్థం చెబుతుంటే, ఆయన నా స్వభావం చెప్పాడు. బగ్ రెండోసారి మూతపడింది. ఆధారం ఉంటే జతచేయమని అనికేత్ అన్నాడు.

ఆధారానికి ఏం కరువు? మర్నాడు ఏర్పేడు స్టాపులో బస్సెక్కి ముందు సీటు పక్కన నిలబడి ఫోన్ తీశాను. కండక్టరమ్మ చూడనే చూసింది.

"ఏం పాప, వీడియో తీస్తా ఉండావు? నా మీద కంప్లైంట్ ఇస్తావా యేంది?"

"లేదక్కా. నువ్వు రైట్ రైట్ అనేది కావాల. బస్సాట ఒకటి చేస్తా ఉండారు, దాని కోసరం."

"ఈడ కాలు పెట్టే దానికి చోటు లేదు, నీకు ఆటలంట!" అని చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా అంది. వెనకాల నుంచి ఎవరో, "అక్కా, ఆటలో అయినా చిల్లర ఇస్తావా?" అన్నారు. బస్సంతా నవ్వింది. ఆమె వాళ్ల సంగతి చూసుకుని, నా వైపు తిరిగి, చీర కొంగు సర్దుకుని, మామూలుకంటే గట్టిగా "రైట్ రైట్" అంది. బస్సు కదిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆఫీసుకు చేరగానే వీడియో జతచేసి మళ్లీ రీఓపెన్ చేశాను.

సాయంత్రానికి జవాబు. "వీడియోకు ధన్యవాదాలు. ఇందులో కండక్టర్ రైట్ అన్న వెంటనే బస్సు కుడికే తిరిగింది. మా ఆటలోనూ అలాగే ఉంది."

వీడియో మళ్లీ చూసుకున్నాను. నిజమే. స్టాపులో బస్సు రోడ్డుకు ఎడమ అంచున ఆగుతుంది. కదిలేటప్పుడు రోడ్డు మీదికి రావాలంటే కాస్త కుడికి తిరగక తప్పదు. మన దేశంలో ఏ స్టాపులో ఏ బస్సు బయలుదేరినా అంతే. అప్పుడర్థమైంది, ఇది ఇన్నాళ్లూ ఎవరి కంటా ఎందుకు పడలేదో. మైదానం రోడ్లలో ఈ తప్పు ఒప్పులా కనిపిస్తుంది. స్టాపు కూడా ఇరుకు మలుపులోనే ఉన్న కొండదారిలో మాత్రమే బస్సును చంపుతుంది. అక్కడ కూడా రెండుమూడుసార్లు పడ్డవాళ్లు, తెలియకుండానే స్టీరింగును ఎడమకు పట్టి ఉంచడం అలవాటు చేసుకుంటారు. రాసినవాళ్లకు, పాత టెస్టర్లకు ఆ అలవాటు అయిపోయింది. కొత్తగా డబ్బు పెట్టి కొనుక్కునేవాడు మాత్రం లోయలో పడతాడు.

మూడోసారి మూసేశాక మహేశ్ అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"ఇంక దాని జోలికి పోవద్దు. మళ్లీ తెరిస్తే, నీ కన్ఫర్మేషన్ ఆగిపోతే నేనేం చెయ్యలేను."

"తెరవనులే అన్నా," అన్నాను. తెరవలేదు కూడా.

వారాంతంలో డెమో. క్లయింటు అంతా చూస్తుండగా, మేం పరీక్షించిన ఆటను ఇక్కడి నుంచి ఆడి చూపించాలి. కొండదారి ఎప్పుడూ నేనే నడిపేదాన్ని. ఆ రోజు ఆట ఉన్న ఫోన్ తీసుకెళ్లి మహేశ్ అన్న ముందు పెట్టాను.

"నువ్వే నడుపన్నా."

"నేనా? నీ కొండదారి గదమ్మే అది."

"నేను ఎమోషనల్ గదన్నా. లోయలో పడేస్తాను."

ఆయన నా వైపు ఒకసారి గుర్రుగా చూసి ఫోన్ అందుకున్నాడు. కాల్ అప్పటికే మొదలైంది, కాదనడానికి వీల్లేదు. లీడ్ అయ్యాక ఆయన ఆట చూడటమే తప్ప ఆడి చాలా కాలమైంది. అయినా బాగానే నడిపాడు. గేరు దించాడు, బ్రేకు వేడెక్కకుండా చూసుకున్నాడు, మలుపుల్లో హారన్ కొట్టాడు. టీ కొట్టు ముందు స్టాపులో శుభ్రంగా ఆపాడు. జనం ఎక్కారు. కండక్టర్ "రైట్ రైట్" అన్నాడు. జీవితమంతా బస్సుల్లో తిరిగిన మనిషి కదా, ఆ మాట వినగానే ఏం చేయాలో ఆయన ఒంటికి తెలుసు. స్టీరింగును తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ నొక్కాడు.

బస్సు కుడికి లాగింది.

"ఏయ్, ఏయ్, యాడికి పోతా ఉండావు... ఓల్డాన్! ఓల్డాన్!" అని మహేశ్ అన్న ఫోను మీద అరిచాడు. లోయ అంచున ఉన్న గోడ విరిగింది. బస్సు లోయలోకి పోయింది.

అనికేత్ గొంతే ముందు వినిపించింది.

"మహేశ్, మీరు హోల్డాన్ అన్నారు. ఎవరితో?"

"బస్సుతో సార్."

"అంటే ఆపమనా?"

"అవును సార్. మా దగ్గర కండక్టర్లు అలాగే అంటారు."

"మరి రైట్ అంటే?"

మహేశ్ అన్న గొంతు సవరించుకున్నాడు. "పొమ్మని సార్."

"కుడికి?"

"ఊరికే పొమ్మని సార్."

కాసేపు అవతల అందరూ మైకులు ఆపుకున్నారు. నవ్వుతున్నారని తెర మీద కనిపిస్తూనే ఉంది. అనికేత్ ఒక్కడే నవ్వకుండా, "ఇది మాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. నేను నా మైకు తెరిచి, "మూడుసార్లు చెప్పాను సార్," అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే ఎమోషనల్ అనేవాళ్లు.

తర్వాతి బిల్డ్‌లో, అంటే సరిచేసి మళ్లీ పంపిన ఆటలో, కండక్టర్ రైట్ అంటే బస్సు తిన్నగా కదిలింది. కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. నా కన్ఫర్మేషన్ రోజున మహేశ్ అన్న, మేనేజరు ఇద్దరూ నా ఎదురుగా కూర్చున్నారు. నా ఖాతాలో నాట్ ఎ బగ్‌లు ఎక్కువున్నాయట, ప్రొబేషన్ పొడిగిస్తారట. ఆ లెక్కలో పైన ఉన్నది ఏమిటి? అదే బగ్. మూసిన ప్రతిసారీ ఒక తప్పు. సరిచేశాక కూడా ఆ తప్పుల్ని ఎవరూ కొట్టేయలేదు.

"అన్నా, అది బగ్ అని తేలింది గదా?"

"తేలిందమ్మే. కానీ అప్పుడు మూసినప్పుడు బగ్ కాదు గదా."

ఈ వాక్యాన్ని నేను ఇప్పటికీ అప్పుడప్పుడు నాలో నేను అనుకుంటూ ఉంటాను. కోపం తగ్గకుండా ఉండటానికి.

నేను లేవలేదు. డెమో రికార్డింగ్ ఉంటుంది కదా సార్, ఒకసారి అందరం కలిసి చూద్దాం అన్నాను. మేనేజరు మహేశ్ అన్న వైపు చూశాడు. ఆయన కిటికీలోంచి కిందున్న టైర్ల వైపు చూశాడు. రికార్డింగ్ ఎవరూ చూడలేదు. సాయంత్రానికి నా కన్ఫర్మేషన్ మెయిల్ వచ్చింది. మహేశ్ అన్న క్షమించమనలేదు. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపాడు. అది అభినందనో, ఇక వదిలేయమని దండమో నేను అడగలేదు.

ఇప్పుడు కొత్తగా చేరిన టెస్టర్లకు మొదటి వారం నేనే పని నేర్పుతాను. బగ్ ఎలా రాయాలో, ఆధారం ఎలా జతచేయాలో అన్నీ చెబుతాను. అవి కావాలి. కానీ ఒక మాటకు అర్థం తెలిసీ తెలియనట్టు కూర్చున్నవాడికి వివరణ ఎంత రాసినా ఎక్కదు. వాడితో వాదించి గొంతు పోగొట్టుకోవద్దు, స్టీరింగ్ వాడి చేతికే ఇవ్వండి అని చెబుతాను.