హెమ్మా చెయ్యెత్తని రోజు

సరస్సు గడ్డకట్టిందంటే ఆ ఊళ్లో హెమ్మా మాటకు తిరుగులేదు. ముప్ఫై ఒక్క చలికాలాలుగా బరమాతో గడ్డకు చిల్లులు పెట్టి మందం కొలిచేది ఆమే, బరువు మోసే చోట దేవదారు కొమ్మలు పాతి దారి చూపేదీ ఆమే. కొమ్మ నిలబడిన చోట ఎవరూ ఏమీ అడగరు, నడుస్తారు. కొమ్మ లేని చోటికి కుక్కను కూడా పోనివ్వరు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. గడ్డ మీద ఉన్నవాళ్లకు హెమ్మా చెయ్యెత్తి చూపితే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. ఒకసారి ఊరి పెద్ద ఆగకుండా వెళ్లాడని ఆ చలికాలమంతా ఆయన్ని గడ్డ మీద కాలు పెట్టనివ్వలేదు. అంత మొండిఘటం. పెళ్లి మాటెత్తితే, "ఈ సరస్సును కనిపెట్టుకోడానికే నాకు పొద్దు చాలట్లేదు, ఇంక మొగుణ్ణెక్కడ కనిపెట్టుకోను?" అనేది.

గడ్డ పాడుతుందని అక్కడ పసివాళ్లకు కూడా తెలుసు. చలి బిగుసుకునే కొద్దీ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు సన్నగా ఓ మోత సాగుతుంది. అది వినబడినన్నాళ్లూ హెమ్మాకు కంటినిండా నిద్ర. ఆ ఫిబ్రవరిలో మాత్రం దక్షిణపు కొండల మీంచి రెండు రోజులు వెచ్చగాలి వీచింది. మూడో రోజు తెల్లవారేసరికి సరస్సు నోరు మూసుకుంది.

ఆమె బరమా పట్టుకుని పరుగున వెళ్లింది. ఒడ్డు దగ్గర పరవాలేదు. నడిమధ్యన జానెడున్నర ఉండాల్సిన గడ్డ జానెడు కూడా లేదు, ఉన్నదీ పాలల్లో నానిన రొట్టెలా ఉంది. నడుమ ఉన్న కొమ్మలన్నీ పెరికేసింది. పెరికిన కొమ్మలను ఒడ్డుకు మోసుకొచ్చి తగలబెట్టాలి, అది వాళ్ల నాన్న పెట్టిన పద్ధతి. కానీ అరవై మూడేళ్ల నడుము మొరాయించింది. ముందు దారి మూయించే బోర్డు పెట్టిద్దాం, కొమ్మల సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి వాటిని పడేసిన చోటే వదిలేసి వచ్చింది.

ఆమె వచ్చేసిన కాసేపటికే ఆమె తమ్ముడు వాలంటీన్ అవతలి ఒడ్డున తన ఇంటి నుంచి ఆ దారినే నడిచి ఈ ఒడ్డునున్న గుర్రపుశాలకు వచ్చాడు. అతనిది మంచు మీద గుర్రం లాగే జారుడు బండి. ఒడ్డు దారిన అవతలి హోటలుకు వెళ్లి, విడిదికొచ్చినవాళ్లను ఎక్కించుకుని గడ్డ మీదుగా తిరిగి వస్తాడు. ఈ సంగతంతా హెమ్మాకు తర్వాత తెలిసింది.

బోర్డు రాయించడానికి ఆమె పర్యాటకుల ఆఫీసు తెరిచే వేళకు అక్కడికి పోయింది. అందులో పనిచేసే గుడ్రున్ తలుపు పక్కన ఓ కాగితం అంటిస్తోంది. ఊళ్లో చూడాల్సినవి, చేయాల్సినవి అన్నీ అందులో ఉన్నాయి. అన్నిటికన్నా పైన, బండిలో సరస్సు దాటడం, నడిమధ్యన ఆగి గడ్డ పాట వినడం.

"అది తీసెయ్యి. ఇవాళ దారి మూసేస్తున్నా," అంది హెమ్మా.

"అయ్యో పెద్దమ్మా, వాలంటీన్ ఎనిమిదిమందిని ఎక్కించుకుని అప్పుడే బయల్దేరాడటగా."

"బయల్దేరితే ఏం? కొమ్మలు లేకపోతే వాడే వెనక్కి తిరుగుతాడులే," అంటూ హెమ్మా కిటికీలోంచి చూసింది. తెల్లటి సరస్సు మీద కొమ్మలన్నీ వరసగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. ఆ వరసలో బండి వస్తోంది.

ఒడ్డుకు ఎలా చేరిందో ఆమెకే తెలియదు. వెనకాలే గుడ్రున్ వచ్చింది.

"చెయ్యెత్తు పెద్దమ్మా, ఆపు!"

"ఎత్తితే ఆగుతాడే. ఆగితే మునుగుతారు."

కదిలిపోయే బరువును ఆ గడ్డ ఎలాగోలా మోయవచ్చు. నిలబడిన బరువును మోయలేదు. గుడ్రున్ ఫోను తీసింది. హెమ్మా లాక్కుంది. ఫోను మోగినా వాడు బండి ఆపి మాట్లాడతాడు. ఎవరూ పిలవకపోయినా నడుమకు రాగానే ఆపనే ఆపుతాడు, పాట వినిపించాలి కదా. తను నేర్పిన కట్టుబాటే తన చేతులు కట్టేసింది. హెమ్మా రెండు చేతులూ కోటు జేబుల్లో కుక్కుకుంది. ఇంత భయం ఆమె ఎన్నడూ ఎరగదు.

బండి నడుమకు దగ్గరైంది. వాలంటీన్ పగ్గం బిగించడం కనిపించింది.

అప్పుడు గుర్రపుశాల గోడకు వేలాడుతున్న దాణా బకెట్టు ఆమె కంటబడింది. దాన్ని లాగి, రాయి తీసుకుని దబదబా బాదింది. ఆ చప్పుడు వింటే ఫ్లోరా, అదే ఆ గుర్రం, ఎవరి మాటా వినదు. చెవులు నిక్కించి ముందుకురికింది. వాలంటీన్ వెనక్కి వాలి లాగాడు, తిట్టాడు. బండిలో వాళ్లు కేరింతలు కొట్టారు. గడ్డ మీద నీళ్లు చిమ్మాయి. హెమ్మా బాదుతూనే ఉంది, బండి ఒడ్డెక్కి గుర్రం బకెట్టులో మూతి పెట్టేదాకా.

"పదిమందిలో నా పరువు తీశావు కదే అక్కా! పాటన్నా విననిచ్చావా వీళ్లని? గాలికి పడిపోయిన నీ కొమ్మలన్నీ పొద్దున్నే వంగి వంగి పాతి నిలబెట్టింది నేను! నీ నడుము బాగోలేదని పాతానే!"

హెమ్మా బండిలో ఉన్నవాళ్లను లెక్కపెట్టింది. ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టింది.

అప్పుడు వెనకనుంచి ఓ పెద్ద మోత వచ్చింది. నడుమనున్న కొమ్మలు ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి. వాటి చుట్టూ నీళ్లు నల్లగా పరుచుకున్నాయి.

"పాటంటే ఇదేనా?" అని బండిలో ఒకావిడ చప్పట్లు కొట్టింది.

వాలంటీన్ టోపీ తీసి అటు చూశాడు. "నువ్వు చెయ్యెత్తి ఉంటే ఆగేవాణ్ణే అక్కా," అన్నాడు.

"తెలుసురా," అంది హెమ్మా. "గాలి కాదు, కొమ్మల్ని పెరికి అక్కడే వదిలేసింది నేనే."