రెండు అక్షరాల దరఖాస్తు

కొత్తవాడలో మా కోడలికి జిరాక్స్ షాపు ఉంది. ఆమె అన్నానికి పోయినప్పుడు నేను కూర్చుంటాను. నాకు పెద్దగా చదువు రాదు, కూడబలుక్కుని చదువుతాను, అంతే. అందుకని కోడలు కంప్యూటర్‌లో ఒక కిటుకు పెట్టింది. రెండు అక్షరాలు కొట్టి స్పేస్ నొక్కితే, భర్త పోయినవాళ్ల పింఛను దరఖాస్తు మొత్తం దానంతటదే పడుతుంది. చూసినవాళ్లు "కంప్యూటర్ మేడం" అంటుంటే కాదనకుండా నవ్వేదాన్ని.

మొన్న ఒకామె వచ్చి పింఛను కాయితం కావాలంది. నేను ఆమె ముఖం కూడా చూడలేదు. నా కళ్లు ఆ రెండు అక్షరాలనే వెతుకుతున్నాయి. కొట్టి, ప్రింటు తీసి చేతికిచ్చాను.

"జర సదివి చెప్పక్కా," అంది.

వేలు పెట్టి చదివాను. "నా భర్త మరణించినందున..."

ఆమె చెయ్యి మెడలోని పుస్తెల మీదికి పోయింది. అప్పుడు చూశాను.

"నన్ను ఇడిసిపెట్టి పోయిండు గని సచ్చిపోలేదక్కా! నాకు ఒంటరి ఆడోళ్ల పింఛను కావాలె. గా మాట తీసెయ్యి."

తీసెయ్యడం నాకు రాదు. నా మొగుడు పోయిననాడు ఆ మాట నన్నెంత కోసిందో, అదే మాట బతికున్నవాడి మీద అచ్చేసి ఇచ్చాను. వెనక నిలబడ్డవాళ్లంతా చూస్తున్నారు.

"నాకు టైపు చేసుడు రాదు చెల్లె. మా కోడలు వచ్చేదాంక కూసో," అన్నాను.

ఆమె ఆ కాయితాన్ని సన్నగా చింపి, 'భర్త' అన్న మాట ఉందని ముక్కలు చెత్తడబ్బాలో వెయ్యకుండా కొంగున కట్టుకుంది. కోడలు వచ్చేదాకా నేను తల ఎత్తలేదు.